ఇల్లు మారుతున్నారా? వాక్యూమ్ బ్యాగుల్లో ఏవి పెట్టాలి, ఏవి వద్దు

వాక్యూమ్ బ్యాగులు కొనేముందు ఒక సంగతి తేల్చుకోండి, మీకు ఇబ్బంది చోటుతోనా, బరువుతోనా? ఎందుకంటే ఈ బ్యాగు చేసే పని ఒక్కటే, బట్టల మధ్య ఇరుక్కున్న గాలిని బయటికి లాగేయడం. గాలి పోతే ఎత్తు తగ్గుతుంది, తూకం మాత్రం అంతే ఉంటుంది. లారీలోనో వ్యాన్‌లోనో సామాను వేసుకెళ్లేవాళ్లకి చోటే ముఖ్యం కాబట్టి వాళ్లకి ఇది బాగా పనికొస్తుంది. విమానంలో వెళ్లేవాళ్లకి అసలు చిక్కు వేరే: ఎకానమీ టికెట్ మీద ఒక్కో పెట్టెకి చాలాచోట్ల 23 కిలోలే ఇస్తారు, అదనంగా డబ్బు కడతామన్నా 32 కిలోలు దాటిన పెట్టెని ఎక్కువ ఎయిర్‌లైన్లు తీసుకోవు. సూట్‌కేసులో ఇంకా చోటుంది కదా అని మరో నాలుగు జతలు కుక్కితే ఆ టెన్షన్ అంతా కౌంటర్ దగ్గర పడాల్సి వస్తుంది. ఇంట్లో తూకం వేసుకోకుండా బయల్దేరొద్దు.

ఇక ఏవి పెట్టాలి. గాలి ఎక్కువగా ఉన్నవి, అంతే. కంఫర్టర్లు, పాలిస్టర్ దూది కూరిన దిండ్లు, లావుపాటి చలి జాకెట్లు, ఉన్ని స్వెటర్లు, పిల్లల మెత్తటి బొమ్మలు. వీటి ఎత్తు సగానికి పైగా పడిపోతుంది. జీన్స్, మడత పెట్టిన దుప్పట్లు, చొక్కాలు లాంటివాటిలో తీయడానికి పెద్దగా గాలే ఉండదు, శ్రమ తప్ప కలిసొచ్చేది లేదు. పైగా పాత దుప్పట్లు, తువ్వాళ్లు బయట ఉంచుకుంటే గిన్నెలకి, గాజు సామానుకి చుట్టడానికి పనికొస్తాయి. ఇల్లు మారేటప్పుడు ఇంట్లో ఉన్న మెత్తటి గుడ్డలన్నీ బ్యాగుల్లో పెట్టి గాలి లాగేసి, తర్వాత గాజు గ్లాసులకి చుట్టడానికి బబుల్ ర్యాప్ కొనుక్కునేవాళ్లు చాలామందే ఉన్నారు. గాలి తీసిన బ్యాగు చెక్క పలకలా గట్టిగా ఉంటుంది, దాన్ని కప్పుల మీద పెడితే కప్పులే పగులుతాయి.

వద్దు అన్న జాబితా చిన్నదే కానీ గట్టిది. తోలు జాకెట్లు, తోలు సంచులు పెట్టొద్దు, పడ్డ ముడత మళ్లీ పోదు. జరీ పని, పూసల పని ఉన్న బట్టలు అంతే. లోపల తీగలుండే ఎలక్ట్రిక్ దుప్పటి కూడా వద్దు. ఈకలు నింపిన జాకెట్లు, రజాయిలు ప్రయాణం జరిగే ఆ కొద్ది రోజులు నొక్కి ఉంటే తట్టుకుంటాయి, కానీ నెలల తరబడి అలా వదిలేస్తే ఈకల్లోని సన్నటి పోగులు విరిగి మళ్లీ పొంగవు, పొంగకపోతే వెచ్చదనమూ ఉండదు. స్ప్రింగు పరుపు జోలికి వెళ్లొద్దు. ఫోమ్ పరుపుని మాత్రం పెద్ద బ్యాగులో పెట్టి గాలి తీసి చుట్టొచ్చు, కొత్తవి చాలావరకు అలాగే వస్తాయి కదా, అయితే చేరిన వెంటనే విప్పేయాలి, ఎంతకాలం చుట్టి ఉంచొచ్చో తయారీదారు రాసి ఉంటే అది చూసి మొదలుపెట్టండి.

బ్యాగు కొనేటప్పుడు ప్లాస్టిక్ సంగతి చూడండి. మంచి బ్యాగుల్లో పాలిథిన్‌తో పాటు నైలాన్ పొర కూడా ఉంటుంది. గాలి చొరకుండా ఆపేది, చిరగకుండా కాపాడేది ఆ నైలానే. ఉత్త పాలిథిన్ అయితే గాలి మెల్లమెల్లగా లోపలికి వస్తూనే ఉంటుంది. జిప్పు రెండు వరసలుండాలి, వాల్వ్ మీద, అంటే వాక్యూమ్ క్లీనర్ గొట్టం ఆనించి గాలి లాగే రంధ్రం మీద, మూత బిగుతుగా పడాలి. అన్నిటికన్నా పెద్ద సైజు చూసి మోజు పడకండి, దాని నిండా సర్దితే మోయడానికి ఇద్దరు కావాలి, చిన్న చిల్లు పడిందంటే మొత్తం పొంగిపోతుంది. మధ్యరకం సైజువి నాలుగు ఉంటే నయం. విమాన ప్రయాణానికైతే చేత్తో చుట్టి గాలి తీసే రకం తీసుకోండి. సెక్యూరిటీ వాళ్లు తెరిపిస్తే మళ్లీ మూయడానికి అక్కడ వాక్యూమ్ క్లీనర్ ఎవరు తెస్తారు? తిరుగు ప్రయాణంలోనూ అదే ఇబ్బంది.

సర్దడం దగ్గరికి వద్దాం. ముందుగా తడి. దీని మీద ఎంత చెప్పినా తక్కువే. చేతికి పొడిగా తగిలిన రజాయి మధ్యలో చెమ్మ ఉండొచ్చు, కుట్ల దగ్గర, మూలల్లో మరీను. ఆ చెమ్మని గాలి చొరబడని బ్యాగులో బంధిస్తే బూజు పడుతుంది, పెట్టె తెరవగానే ఆ వాసన కొడుతుంది. ఉతికిన వెంటనే సర్దకుండా ఒక పూట ఎండలోనో ఫ్యాను కిందో వేసి, మధ్యలో పట్టుకుని నొక్కి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదన్నట్టే. ఇస్త్రీ చేసిన వేడి మీద కూడా పెట్టొద్దు. వాన రోజుల్లో సర్దాల్సి వస్తే సిలికా జెల్ పొట్లం ఒకటి వేయండి. నాఫ్తలీన్ ఉండలు మాత్రం వద్దు, ఆ మూసిన బ్యాగులో వాటి వాసన బట్టకి పట్టి వదలదు.

బటన్లు, హుక్కులు, జిప్పులు లోపలికి వచ్చేలా బట్టని తిరగేసి మడవండి. బ్యాగు బిగుసుకున్నప్పుడు చిల్లు పెట్టేవి ఇవే. అనుమానంగా ఉంటే మొత్తాన్ని ఒక పాత దుప్పట్లో చుట్టి పెట్టండి. లోపల ఏముందో ఒక కాగితం మీద రాసి, అక్షరాలు బయటికి కనపడేలా పెట్టండి, గాలి తీశాక అన్ని బ్యాగులూ ఒకేలా కనిపిస్తాయి. జిప్పుకి 8 నుంచి 10 సెంటీమీటర్ల కింది వరకే నింపాలి, బ్యాగు మీద గీత ఉంటే దాన్ని దాటొద్దు.

ఇప్పుడు అసలు కిటుకు. బ్యాగుని నేల మీద పెట్టి గాలి తీస్తే అది వంకర టింకరగా గట్టిపడుతుంది, ఆ తర్వాత ఏ పెట్టెలోనూ సరిగ్గా కూర్చోదు. చోటు ఆదా అయినట్టే అయి ఆ సందుల్లో మళ్లీ పోతుంది. అందుకని బట్టలని అట్టపెట్టె అడుగు కొలతకి మడిచి, బ్యాగుని పెట్టెలోనే పెట్టి, జిప్పు వేసి, అక్కడే గాలి తీయండి. మూలల్లోకి చేత్తో నొక్కుతూ ఉంటే బ్యాగు పెట్టె ఆకారంలోనే బిగుసుకుంటుంది. సూట్‌కేసుకీ ఇదే పద్ధతి.

జిప్పు వేసేటప్పుడు క్లిప్పుని అటూ ఇటూ రెండుసార్లు లాగి, తర్వాత బొటనవేలితో ఈ చివరి నుంచి ఆ చివరి వరకు నొక్కుకుంటూ రండి, దారప్పోగు ఒక్కటి అడ్డం పడినా అక్కడి నుంచే గాలి వస్తుంది. క్లీనర్ గొట్టానికున్న బ్రష్ తీసేసి నేరుగా వాల్వ్ మీద ఆనించాలి. బ్యాగు కుంచించుకుపోవడం ఆగిందంటే ఆపేయండి, గొట్టం మూసుకుపోయిన క్లీనర్‌ని అదేపనిగా నడిపితే వేడెక్కుతుంది, చాలా క్లీనర్లలో లోపలికి లాగే గాలే మోటారుని చల్లబరుస్తుంది మరి.

పూర్తిగా పీల్చేయాలన్న పట్టుదల కూడా వద్దు. మన చుట్టూ ఉన్న గాలి చదరపు సెంటీమీటరుకి దాదాపు 1 కిలో బరువుతో నొక్కుతూ ఉంటుంది. ఇంట్లో వాడే క్లీనర్ అందులో ఐదో వంతు తేడా తెచ్చినా, 80 సెంటీమీటర్లు పొడవు, 60 వెడల్పు ఉన్న బ్యాగు ఒక్కో వైపు మీద ఒక టన్ను దాకా ఒత్తిడి పడుతుంది. దిండు ఎందుకు అలా అణిగిపోతుందో, ఈకలు ఎందుకు విరుగుతాయో ఇప్పుడు అర్థమవుతుంది. దిండ్లకి, జాకెట్లకి సగం ఎత్తు తగ్గగానే ఆపండి, అది చాలు.

సర్దిన బ్యాగుల్ని కనీసం ఒక రాత్రి అలా వదిలేయండి, పెట్టె మూయకుండా. పొద్దున్నకి పొంగి ఉంటే ముందు జిప్పు, తర్వాత వాల్వ్ లోపల దుమ్ము చూడండి. రెండూ బాగుంటే చిల్లే. చెంప దగ్గర పెట్టుకుని నొక్కితే గాలి తగిలే చోటు దొరుకుతుంది. ఆ చుట్టూ శుభ్రంగా తుడిచి బయటి వైపు నుంచి వెడల్పాటి టేపు వేయండి, గాలి తీశాక బయటి ఒత్తిడే టేపుని లోపలికి నొక్కి పట్టుకుంటుంది.

లారీలోకి బ్యాగుల్ని విడిగా విసిరేయొద్దు, జారతాయి, ఏ మంచం మేకుకో గీసుకుంటాయి. పెట్టెలోనే వెళ్లాలి, పెట్టెకి లోపల పిన్నులుంటే వాటి మీద టేపు వేయాలి. పైన రెండు వేళ్ల సందు వదలండి. దారిలో కాస్త గాలి చొరబడి పొంగినా పెట్టె మూత తన్నుకుని రాదు. జిప్పు పట్టుకుని బ్యాగుని ఎత్తొద్దు, కింద చెయ్యి పెట్టి ఎత్తండి. మొదటి రాత్రి పడుకోవడానికి కావాల్సిన పక్కబట్టలు మాత్రం మామూలు సంచిలో వేరుగా ఉంచుకోండి, అలసిపోయి వచ్చి నలిగిన రజాయిని దులుపుతూ కూర్చోలేరు. ఖాళీ బ్యాగులు పసిపిల్లలకి అందకుండా పెట్టండి, ముఖానికి అతుక్కుంటే ఊపిరాడదు.

చేరాక సాధ్యమైనంత త్వరగా విప్పి దులిపి, గాలి తగిలేలా పరవండి. దిండ్లు కొన్ని గంటల్లో తేరుకుంటాయి. ఉతకడానికి వీలయ్యే జాకెట్లని డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద రెండు టెన్నిస్ బంతులతో కలిపి తిప్పితే దూది మళ్లీ పొంగుతుంది. కొన్నాళ్లు దాచే ఉద్దేశం ఉంటే ఆరు నెలలకోసారైనా తెరిచి, ఒక రోజు ఆరబెట్టి మళ్లీ మూయండి. ఖాళీ అయిన బ్యాగుని తిరగేయకుండా నోరు తెరిచి ఆరనిచ్చి, మడత పెట్టకుండా చుట్టి దాచండి, క్లిప్పుని అందులోనే వేసి. ముడతల దగ్గర ప్లాస్టిక్ తెల్లగా మారిందంటే అక్కడ చిల్లు పడే రోజు దగ్గరపడినట్టే. అలాంటిదాన్ని ఇక గాలి తీయడానికి వాడకుండా, బూట్లు పెట్టుకునే సంచిగా వాడేయండి.