కవళ్లు తగ్గిపోతుంటే రేవులో ముందు చేయాల్సిన పనులు

కవళ్లు (సార్డీన్ చేపలు) తగ్గాయని చెన్నై కాసిమేడు రేవులో ఎవరినడిగినా చెప్తారు. ఎంత తగ్గాయో అడగండి, ఒక్కొక్కరిది ఒక్కో మాట. లాంచీల వల్లేనని ఫైబర్ బోట్లవాళ్లు, రింగు వలల వల్లేనని లాంచీలవాళ్లు, నీళ్లు వేడెక్కాయని ఇంకొకరు. మన తెలుగువాళ్ల బోట్లు పది ఒకచోట కలిస్తే చాలు, ఇదే గొడవ. ఆ గొడవ కాసేపు పక్కనపెట్టి ముందు ఒక స్కేలు, ఒక నోటుపుస్తకం కొనండి.

స్కేలుని ఒక చెక్కకి మేకులతో బిగించి, 15 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర పెయింటుతో గీత గీయండి. వేలానికి పెట్టకముందే, చిన్నా పెద్దా ఏరకముందే, టబ్బులోంచి చేతికి వచ్చినవి వచ్చినట్టు 50 చేపలు తీయాలి. ఏరాక తీస్తే ఆ లెక్క దేనికీ పనికిరాదు. మూతి చెక్క అంచుకి ఆనించి, తోక చివర ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. నూనె కవళ్లు ఏడాది వయసుకి, దాదాపు 15 సెంటీమీటర్లు పెరిగాక జెన (పొట్టలో గుడ్లు) కడతాయి, బతికేది మహా అయితే రెండు మూడేళ్లు. అంటే గీత దాటనివన్నీ ఒక్కసారి కూడా గుడ్లు పెట్టకుండానే వల్లో పడ్డట్టు. కేరళలో 10 సెంటీమీటర్లకి తక్కువున్న కవళ్లు పట్టడం చట్టప్రకారం నేరం, కానీ పదకొండున్నవి పట్టినా మనకి ఒరిగేదేమీ లేదు, అందుకే మన గీత 15 దగ్గరుండాలి. ఒక్క జాగ్రత్త, సన్న రకం కవళ్లు పెద్దయినా చిన్నగానే ఉంటాయి, వాటికి ఈ గీత పెట్టకండి, వేరే పేజీలో రాయండి.

అదే 50లో ఓ ఐదింటి పొట్ట కోసి జెన ఉందో లేదో రాయండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మన తీరానికి అన్ని చేపలకీ కలిపి పెట్టింది, కవళ్ల కోసం లెక్కగట్టి పెట్టింది కాదు, పైగా అది ఆపేది మరబోట్లని. మన దగ్గర కవళ్లు ఏ నెలల్లో జెనతో ఉంటాయో ఏడాది పొడుగునా పొట్ట కోసి చూస్తేనే తెలుస్తుంది. నూనె సంగతి ఇంట్లో ఆడవాళ్లని అడగండి. పెనం మీద వేస్తే చేప తన నూనెలోనే వేగుతోందా, లేక మనం నూనె పోయాల్సి వస్తోందా? పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చి చెప్పమనండి. పొడవు బాగానే ఉండి చేప బక్కగా ఉంటే సముద్రంలో మేత తగ్గిందేమో అనుకోవాలి. చేపలన్నీ పొట్టివైతే మన వల కన్నే (రంధ్రమే) చిన్నదైందేమో చూసుకోవాలి. రెండింటికీ మందు ఒకటి కాదు.

అందరూ మోసపోయే చోటు ఇంకొకటుంది. కవళ్లు గుంపుగా తిరిగే చేప. సముద్రంలో సగానికి సగం తగ్గిపోయినా మిగిలినవి మళ్లీ గుంపు కడతాయి, ఆ గుంపు దొరికినరోజు బోటు నిండుతుంది, బోటు నడిపే తండేలు "ఎక్కడ తగ్గాయిరా?" అంటాడు. అందుకని ఎన్ని టబ్బులు వచ్చాయో ఒక్కటే రాస్తే చాలదు. గుంపు కంటబడేదాకా ఎన్ని గంటలు తిరిగారు, ఎన్ని లీటర్ల డీజిల్ తాగింది, వల వేయకుండానే ఎన్నిసార్లు తిరిగొచ్చారు, ఇవి రాయండి. మా తొమ్మిది బోట్ల పుస్తకాల్లో టబ్బుల లెక్క ఏడాదంతా ఒకేలా ఉంది, డీజిల్ లెక్క మాత్రం నెలనెలా పెరుగుతూ పోయింది. అది చూశాకే మావాళ్లు కూర్చుని మాట్లాడటానికి ఒప్పుకున్నారు.

కేరళలో ఏమైందో తెలిసిందే. 2012లో దాదాపు 3.9 లక్షల టన్నుల కవళ్లు దించిన రాష్ట్రం 2021లో 3,297 టన్నులకి పడిపోయింది. సముద్రం వేడెక్కడం ఒక కారణం, పిల్ల చేపల్ని ఊడ్చేయడం ఇంకో కారణం. ఆ తర్వాత రెండేళ్లలోనే మళ్లీ లక్ష టన్నులు దాటింది. తొందరగా పెరిగే చేప కాబట్టి వదిలితే తొందరగానే తిరిగొస్తుంది. సముద్రం వేడి మన చేతిలో లేదు, వల మన చేతిలోనే ఉంది.

ఇక కట్టుబాటు. ఇది చేప ఉన్నప్పుడే రాసుకోవాలి. చేప పోయాక కూర్చుంటే ఎవరి అప్పు వాళ్లకి కనబడుతుంది, ఎవరూ ఒప్పుకోరు. కాలిఫోర్నియా తీరంలో ముందే ఒక లెక్క రాసిపెట్టుకున్నారు, ఏడాది దాటిన కవళ్లు సముద్రంలో 1.5 లక్షల టన్నులకి తక్కువని అంచనా వస్తే ఆ ఏడాది ప్రధాన వేట బంద్. 2015లో అలాగే బంద్ చేశారు. మనకి అంత పెద్ద లెక్కలు అక్కర్లేదు. మా తొమ్మిది బోట్లు రాసుకున్నది ఇంతే: వరసగా మూడు రోజులు 50లో 25 కంటే ఎక్కువ గీతకి లోపలుంటే వారంపాటు కవళ్ల వల దించకూడదు, కానాగంత చేపలకో ఇంకోదానికో వెళ్లాలి. పొట్ట కోసినవాటిలో సగానికి పైగా జెన కనిపిస్తే వారానికి మూడు రోజులే వేట. మీ అంకె వేరుండొచ్చు, కానీ అంకె అంటూ ఒకటి ఉండాలి, "పరిస్థితిని బట్టి చూద్దాం" అని మాత్రం రాయకండి.

ఇదేం కొత్త సంగతి కాదు. నెల్లూరు తీరంలో కాపులు, అంటే మత్స్యకారుల ఊరి పెద్దలు, దురాయి (కట్టుబాటు) వేస్తే బోటు కదలదు. ఇక్కడికి దగ్గర్లోనే పులికాట్‌లో 'పాడు' అనే పద్ధతి ఉంది, ఎవరు ఏ చోట ఎప్పుడు వల వేయాలో వంతులు వేసుకుంటారు. కవళ్ల బోట్లకీ అలాగే వంతు పెట్టుకుంటే రోజూ అందరూ ఒకే గుంపు మీద పడే పని తప్పుతుంది. ఎన్నూరు, పులికాట్ వాళ్లని మొదటి మీటింగుకే పిలవండి. మనం వదిలిన చేపని పక్క ఊరు పట్టుకుంటే రెండో వారానికే మనవాళ్లు ఎదురు తిరుగుతారు, అందులో వాళ్ల తప్పు కూడా లేదు.

అడ్వాన్సు ఇచ్చిన వ్యాపారిని కూడా కూర్చోబెట్టాలి. పిల్ల చేప చేప పొడి ఫ్యాక్టరీకి పోతుంది, అక్కడ దానికి వచ్చేది అతి తక్కువ ధర, కానీ అప్పున్న తండేలు ఎంతొస్తే అంతకి పట్టుకొస్తాడు. వేట ఆగిన వారానికి అప్పు వాయిదా అడగొద్దని వ్యాపారితో ముందే మాట తీసుకోండి. చేప తక్కువ వచ్చినరోజు దాని ధర కాపాడేది ఐసే. కవళ్లు ఎండలో తొందరగా చెడతాయి, చెడితే తిన్నవాళ్లకి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి, కాబట్టి చేప ఎంతో ఐసు అంత అని లెక్కేసుకుని రేవు నుంచే తీసుకెళ్లండి, కళాసీలకి చెప్పి వల్లోంచి తీసిన వెంటనే ఐసులో వేయించండి.

ఎల్‌ఈడీ లైట్లతో వేటకి కేంద్రం 2017లోనే నిషేధం పెట్టింది, పర్సు వలల్ని తమిళనాడు తన సముద్ర హద్దులో 2000లోనే ఆపింది. ఎక్కడైనా కనబడితే గొడవకి పోకుండా తేదీ, టైము, ఎంత దూరంలోనో అదే పుస్తకంలో రాసి, సంఘం తరఫున మత్స్యశాఖకి ఇవ్వండి. ఆరు నెలల లెక్క చేరాక దాన్ని శాంథోమ్ రోడ్డులోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ఆఫీసుకి తీసుకెళ్లండి, చేపల్ని కొలిచి లెక్కగట్టడమే వాళ్ల పని, మన పుస్తకం చూపించి అడిగితే మాట్లాడతారు.

రాసేది పెన్సిల్‌తోనే రాయండి. మా మొదటి పుస్తకం పెన్నుతో రాశాం, రెండు నెలల లెక్క ఉప్పునీళ్లకి అలికిపోయింది.