కూడదా, అక్కర్లేదా? వార్డులో నేర్చుకున్న ఇంగ్లీషు

ఇంగ్లండ్‌లో నర్సుగా చేరిన మొదటి నెలలో జరిగింది ఇది. ఒక పెద్దాయనకు మర్నాడు పొద్దున ఆపరేషన్. రాత్రి నేనే వెళ్లి ‘యూ డోంట్ హావ్ టు ఈట్ ఎనీథింగ్ ఇన్ ద మార్నింగ్’ అని చెప్పొచ్చాను. నా మనసులో ఉన్నది ‘పొద్దున ఏమీ తినకూడదండీ’ అని. ఆయన విన్నది ‘తినక్కర్లేదు, తింటే మీ ఇష్టం’ అని. లేవగానే రెండు బిస్కెట్లు తిన్నారు. మత్తు ఇచ్చే ముందు ఆరు గంటల పాటు కడుపులోకి తిండి వెళ్లకూడదు కాబట్టి ఆపరేషన్ మధ్యాహ్నానికి పోయింది. ఆయన తప్పేం లేదు, నా ఇంగ్లీషుదే.

స్కూల్లో మనకు మస్ట్ అన్నా, హావ్ టు అన్నా ‘చెయ్యాలి’ అనే నేర్పారు. అంతవరకూ బాగానే ఉంటుంది. నాట్ చేరిందంటే రెండూ చెరో దారి పడతాయి. ‘మస్ట్ నాట్’ అంటే కూడదు. ‘డోంట్ హావ్ టు’ అంటే అక్కర్లేదు. ‘నీడ్ంట్’ కూడా అక్కర్లేదే. చిత్రం ఏమిటంటే మన తెలుగులోనూ ఇంతే: ‘వెళ్లాలి’ని తిప్పితే ‘వెళ్లకూడదు’ వస్తుంది, ‘వెళ్లక్కర్లేదు’ కూడా వస్తుంది. ఈ రెండింటినీ మనం ఎప్పుడూ కలిపేయం. అందుకే నోరు తెరిచే ముందు మనసులో తెలుగు మాట తేల్చుకోండి, ఆ తర్వాతే ఇంగ్లీషు వెతకండి. నేనిప్పుడు ‘యూ మస్ట్ నాట్ ఈట్ ఎనీథింగ్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ అని చెప్పి, పేషెంటు చేత ఒకసారి తిరిగి చెప్పించుకుంటాను. కూడదని కాకుండా ఉత్త సలహాగా చెప్పాల్సిన చోట ‘షుడ్ంట్’ చాలు. స్మోకింగ్ గురించి మస్ట్ నాట్ అన్నామనుకోండి, తిట్టినట్టు వింటారు.

డ్యూటీ మారేటప్పుడు నర్సుల మధ్య ఎక్కువ తేడా తెచ్చేవి కాంట్, వోంట్. ‘హి కాంట్ స్వాలో హిజ్ టాబ్లెట్స్’ అంటే మింగలేకపోతున్నాడు. అప్పుడు గొంతు పరీక్ష చేయించాలి, మందు ద్రవరూపంలో దొరుకుతుందేమో చూడాలి. ‘హి వోంట్ స్వాలో’ అంటే మింగనంటున్నాడు. అప్పుడు పక్కన కూర్చుని ఎందుకో అడగాలి. వోంట్ వస్తువులకూ వాడతారు: ‘ద డోర్ వోంట్ ఓపెన్’ అంటే తలుపు మొరాయిస్తోందని.

ఊహించి చెప్పేటప్పుడు ఇంకో మెలిక ఉంది. ‘ఆయన డాక్టరై ఉండాలి’ అనడానికి ‘హి మస్ట్ బీ ఎ డాక్టర్’. ‘అయ్యుండడు’ అనడానికి మాత్రం ‘హి కాంట్ బీ ఎ డాక్టర్’ అనాలి. ఇక్కడ మస్ట్ నాట్ ఇంగ్లండ్ వాళ్ల చెవికి అంతగా ఆనదు.

‘మే నాట్’ను నేను నోట్సులో రాయడమే మానేశాను. ‘షి మే నాట్ ఈట్’ అంటే తినకపోవచ్చనీ, తినడానికి వీల్లేదనీ రెండర్థాలు. మొదటిదైతే ‘మైట్ నాట్’ రాయండి.

జరిగిపోయినదానికి ‘హావ్’ చేర్చాలి. ‘ఐ షుడ్ంట్ హావ్ సెడ్ దట్’, అలా అనకుండా ఉండాల్సింది. ‘యూ నీడ్ంట్ హావ్ కమ్’, అనవసరంగా వచ్చారు పాపం.

ఓఈటీకి, అంటే నర్సులూ డాక్టర్లూ విదేశాల్లో పనికోసం రాసే ఇంగ్లీషు పరీక్షకి, చదువుతున్న మన అమ్మాయిలు ఫోన్ చేస్తే నేను పట్టే తప్పులు రెండే. ఒకటి ‘కాంట్ ఏబుల్ టు’. కాంట్‌లోనే ఏబుల్ ఉంది, ‘ఐ కాంట్ కమ్’ అంటే సరిపోతుంది. రెండోది ‘మస్ట్ నాట్ టు గో’. మస్ట్, షుడ్, కెన్ తర్వాత టు పెట్టకూడదు, క్రియ చివర ఎస్ కూడా రాదు. ఆ పరీక్ష స్పీకింగ్‌లో రోల్ ప్లేలు రెండు, ఒక్కోటి సుమారు ఐదు నిమిషాలు. పేషెంటుకు ఏది కూడదో ఏది అక్కర్లేదో చెప్పాల్సిన సందర్భం వాటిలో తరచూ తగులుతుంది.

పలకడం ఒకటి మిగిలింది. మస్ట్, నాట్ కలిస్తే మధ్యలో ట పలకదు, ‘మసంట్’ అంటారు. నాకు ఇది నేర్పింది వార్డులోని ముసలివాళ్లే. ‘హౌ ఆర్ యూ’ అని అడిగితే, ఒంట్లో ఎంత బాగోకపోయినా, ‘మసంట్ గ్రంబుల్’ అంటారు. గొణగకూడదు కదమ్మా అని.