సెడార్ చిదుగులు కోస్తుంటే చిన్న రంపం ఆగిపోవడం: నా అనుభవం

వాషింగ్టన్ రాష్ట్రంలో ఫైర్‌ప్లేస్ రాజేయడానికి వెస్ట్రన్ రెడ్ సెడార్ అనే చెట్టు చిదుగులను మించినవి లేవు. చిక్కల్లా చవక 14 అంగుళాల కరెంటు గొలుసు రంపంతోనే (చైన్‌సా). నాలుగు కోతలకే గొలుసు బిగుసుకుంటుంది, మోటారు ఆగుతుంది. కొత్త గొలుసు, వేరే ఆయిల్, బిగింపు మార్చడం, ఏవీ పనిచేయలేదు.

కారణం బెరడు. అది కొబ్బరి పీచులా పొడవుగా చీలి, గొలుసును తిప్పే పళ్ల చక్రానికి (స్ప్రాకెట్) చుట్టుకుంటుంది.

ముందు ప్లగ్ పీకి, కవర్ విప్పి పీచంతా లాగేశాను. గొలుసు తిరిగే పొడవాటి బార్ గాడినీ ఆయిల్ రంధ్రాన్నీ సన్నటి తీగతో శుభ్రం చేశాను. గొలుసు పళ్లకు 4 మి.మీ. గుండ్రటి ఆకురాయితో, 30 డిగ్రీల కోణంలో పదును పెట్టాను (3/8 లో-ప్రొఫైల్ అనే రకం గొలుసుకు ఈ కొలత, మీది వేరైతే మాన్యువల్ చూడండి).

తర్వాతిదే అసలు కీలకం. కోసే ప్రతిచోటా చుట్టూ బెత్తెడు మేర బెరడు ఒలిచేయాలి. చిన్న గొడ్డలి అంచుతో లేపితే పట్టీలుగా ఊడి వస్తుంది. దుంగను స్టాండు మీద కదలకుండా కట్టి, రంపంతో 10 అంగుళాల ముక్కలుగా అడ్డంగా మాత్రమే కోయాలి. నిలువునా కోస్తే పొడవాటి పోగులొచ్చి కవర్ మళ్లీ నిండుతుంది. చీల్చే పని గొడ్డలిదే. ముడిలేని సెడార్ బొటనవేలి మందాన తిన్నగా విడిపోతుంది. మాస్కు మాత్రం తప్పనిసరి, ఈ కట్టె పొడి ఉబ్బసం తెప్పించగలదు.

ఇది ఎండు దుంగల మీద కుదిరిన పద్ధతి. పచ్చి కట్టెకు, ముడులెక్కువున్న కొమ్మలకు ఇంతే బాగా పనిచేస్తుందని చెప్పలేను. బెరడు లేని చెక్క కోసినా రంపం ఆగుతుంటే, పొడవాటి సన్న ఎక్స్‌టెన్షన్ వైరును అనుమానించండి.