వరంగల్ నుంచి క్రూయిజ్‌కు బయలుదేరే దంపతులకు జాగ్రత్తలు

ఓడ కదలడానికి చాలా ముందే చెక్-ఇన్ మూసేస్తారు. కనుక వరంగల్‌లో రైలెక్కి చెన్నై రేవుకు వెళ్లేవారు ఒకరోజు ముందే అక్కడికి చేరుకోవాలి. రైలు ఆలస్యమైందని ఓడ ఆగదు. శ్రీలంకకు వెళ్లే ఓడ అయితే ఇద్దరి పాస్‌పోర్టులకూ కనీసం 6 నెలల గడువు ఉండేలా చూసుకోవాలి.

అసలు జాగ్రత్త పడవలసింది ఖర్చు దగ్గర. ప్రధాన భోజనశాలలోని తిండి సాధారణంగా టికెట్టులోనే కలిసి ఉంటుంది గానీ, ప్రత్యేక రెస్టారెంట్లకూ బార్లకూ చాలా ఓడల్లో వేరే చెల్లించాలి. పైగా బార్‌లో నగదు అడగకుండా గది కార్డుపైనే పద్దు రాసుకుంటారు కనుక, జేబులోంచి డబ్బు కదలని ఆ సుఖంలో లెక్క తప్పి, చివరి రోజు బిల్లు చూసి ఒకరి మొహం ఒకరు చూసుకోవలసి వస్తుంది. ముందే ఒక మొత్తం కట్టేసి తాగే మద్యం ప్యాకేజీని గదిలోని పెద్దలిద్దరూ కొనాలన్న నియమం ఉందేమో ముందే అడగాలి. ఒకరు తాగనివారైతే అది శుద్ధ దండుగ. ఇంట్లో చేసిన సకినాలు, పచ్చళ్లను చాలా ఓడల్లో అనుమతించరు.

ఓడ ఊగుడుకు కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్రలు కొన్ని మగత కలిగిస్తాయి, వాటిపై మద్యం తాగరాదు. ఓడెక్కాక జరిగే ప్రాణరక్షణ డ్రిల్లుకు ఇద్దరూ హాజరు కావాలి. తీరం దాటాక ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే అది ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌కు కలిసి, రోమింగ్ బిల్లు భారీగా రావచ్చు.