వేసవిలో రోజూ కాసేపు ఆరుబయట గడపడం ఎలా?

కొత్త బూట్లు కొని, తెల్లారకముందే లేచి రోజూ గంటసేపు నడుస్తానని ఒట్టు పెట్టుకున్న ఏడాది నా నడక నాలుగో రోజుకే ఆగిపోయింది. మరుసటి ఏడాది ఒట్లేమీ పెట్టుకోలేదు. సాయంత్రం అక్కతో మాట్లాడే ఫోన్‌ కాల్‌ను మాత్రం సోఫాలోంచి వీధిలోకి మార్చాను. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. బయట గడపడానికని వేరే సమయం వెతికితే దొరకదు. ఇంట్లో ఎలాగూ చేసే పనుల్లో దేన్ని బయటికి మార్చవచ్చో చూసుకోవాలి.

1. ఒకే ఒక్క పనిని బయటికి మార్చండి

నిన్న కూర్చుని చేసిన పనులన్నీ ఒకసారి గుర్తు చేసుకోండి. పేపరు చదవడం, ఫోన్లు మాట్లాడటం, కూరగాయలు తరగడం, పిల్లల చేత హోంవర్కు చేయించడం... వీటిలో ఒక్కటి చాలు. లాప్‌టాప్ పని మాత్రం వద్దు. వెలుతురులో తెర కనిపించక, పది నిమిషాలకే విసుక్కుంటూ లోపలికొచ్చేస్తారు.

ఎంతసేపు ఉండాలి? ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలతో చేసిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. పార్కులు, పచ్చిక బయళ్లు, సముద్ర తీరాల్లాంటి చోట్ల వారానికి కనీసం 120 నిమిషాలు గడిపినవారిలో, అసలు వెళ్లనివారితో పోలిస్తే, ఆరోగ్యమూ మనసూ బాగున్నాయని చెప్పినవారు ఎక్కువ. ఆ సమయాన్ని ఒకేసారి గడిపినా, విడతలుగా గడిపినా తేడా కనిపించలేదు. అసలు ఆరోగ్యంగా ఉన్నవాళ్లే బయటికి ఎక్కువ వెళ్తారేమో అనే అనుమానం ఎలాగూ ఉంటుంది, దాన్ని ఆ అధ్యయనం పూర్తిగా తీర్చలేదు. అయినా 120 నిమిషాలంటే రోజుకు పట్టుమని ఇరవై నిమిషాలు కూడా కాదు. ప్రయత్నించి చూస్తే పోయేదేమీ లేదు.

2. వేళ తెలియాలంటే నీడను చూడండి

ఎండలో నిటారుగా నిలబడి మీ నీడను చూడండి. అది మీకన్నా పొడుగ్గా ఉంటే అతినీలలోహిత కిరణాల తీవ్రత తక్కువని అర్థం. మీకన్నా పొట్టిగా ఉంటే చర్మం కమిలే వేళ. ఫోన్‌లో వాతావరణం చూసే అలవాటుంటే అందులో ఈ కిరణాల తీవ్రతను చెప్పే యూవీ ఇండెక్స్ అనే అంకె ఉంటుంది. అది 3 గానీ అంతకు మించి గానీ ఉంటే టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్ అవసరం. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణో చెప్పే అంకె) 30 ఉన్న క్రీమ్‌ను దండిగా రాసుకోవాలి, రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలి. చాలామంది బొట్టంత తీసి ముఖమంతా సర్దేస్తారు, దానివల్ల పెద్ద రక్షణ ఉండదు.

నీడ చెప్పేది కిరణాల సంగతే, వేడి సంగతి కాదు. సూర్యుడు నడినెత్తి దాటిన రెండు మూడు గంటల తర్వాతే గాలి బాగా వేడెక్కుతుంది. అందుకే నాలుగింటికి నీడ సాగినా సెగ తగ్గదు. నన్నడిగితే పొద్దుటి వేళకు సాటి లేదు. రోజు మొత్తంలో చల్లగా ఉండేది సూర్యోదయం చుట్టుపక్కలే. వెలుతురు సంగతి కూడా ఉంది. గదిలో దీపాల వెలుతురు సాధారణంగా 500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) లోపే ఉంటుంది. బయట నీడపట్టునే వేలల్లో ఉంటుంది, నేరుగా పడే ఎండలో లక్ష దాకా వెళ్తుంది. కంటి రెటీనాలోని కొన్ని కణాలు ఆ వెలుతురును పట్టుకుని, తెల్లారిందని మెదడులోని గడియారానికి చెబుతాయి. పొద్దున ఆ కబురు గట్టిగా అందితే రాత్రి నిద్ర వేళకు వస్తుంది. దీనికోసం సూర్యుడి వైపు చూడక్కర్లేదు, చూడకూడదు కూడా.

కిటికీ పక్కన కూర్చుంటే సరిపోదా? మనసుకు కొంత ఊరటే. కిటికీలోంచి చెట్లు కనిపించిన రోగులు, ఎదురుగా ఇటుక గోడే ఉన్నవారికన్నా ఆపరేషన్ తర్వాత త్వరగా ఇంటికి వెళ్లారని 1984లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. విటమిన్ డి మాత్రం అలా రాదు. అది తయారు కావడానికి కావలసిన కిరణాలను అద్దం దాదాపుగా ఆపేస్తుంది.

3. చోటు ఖాయం చేసుకోండి

అరచేతిని తిరగేసి నేల మీద ఆనించండి. ఐదారు సెకన్లు ఉంచలేకపోతే అక్కడ కూర్చోవద్దు. నీడల్లోనూ తేడా ఉంది. రేకు తాను కాగి ఆ సెగను కిందికే పంపుతుంది. చెట్టు ఎండను ఆపడమే కాకుండా ఆకుల నుంచి నీటిని ఆవిరి చేస్తూ చుట్టూ ఉన్న గాలిని చల్లబరుస్తుంది. చోటు కుదిరాక కుర్చీని అక్కడే వదిలేయండి. రోజూ మోసుకెళ్లాల్సిన కుర్చీ మూడో రోజుకు కదలదు.

4. ఒంటికి వారం, రెండు వారాలు గడువివ్వండి

రోజంతా ఏసీలో ఉండే ఒళ్లు ఒక్కసారిగా వేడిని తట్టుకోలేదు. మొదటి రోజు పది పదిహేను నిమిషాలు చాలు, తర్వాత మెల్లగా పెంచండి. ఒకటి రెండు వారాల్లో ఒంట్లో మార్పులు వస్తాయి. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందుగానే మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది. చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు, అది ఆరాలి. ఉక్కపోత రోజున ఆరదు కాబట్టి, థర్మామీటరులో అంకె తక్కువున్నా త్వరగా లోపలికి వచ్చేయడం మేలు. నీళ్ల సీసా చేతికందే దూరంలో ఉండాలి. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు గానీ, చర్మం ఎండను తట్టుకోలేకుండా చేసే కొన్ని యాంటీబయాటిక్స్ గానీ వాడుతుంటే ముందు డాక్టరును అడగండి.

తల తిరగడం, వికారం, కండరాలు పట్టేయడం మొదలైతే వెంటనే నీడకు వెళ్లి, బట్టలు వదులు చేసుకుని, నీళ్లు తాగి, ఒంటిని తడపాలి. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, స్పృహ తప్పుతున్నా అది వడదెబ్బ కావచ్చు. అంబులెన్స్‌ను పిలవండి. అది వచ్చేలోగా ఒళ్లంతా తడిపి గాలి విసురుతూనే ఉండండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

5. కుదిరాకే రెండో పని

మొదటి పని మూడు వారాలు ఆగకుండా సాగితే ఇంకొకటి కలపండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్లనూ వెంటేసుకోండి. పగటి వెలుతురులో రోజూ ఎక్కువసేపు గడిపే పిల్లలకు దూరపు చూపు మందగించే ముప్పు తగ్గుతుంది. నేను రెండో పనిగా ఆరిన బట్టలు మడత పెట్టడం ఎంచుకున్నాను. మొదటి రోజే రెండు జేబురుమాళ్లు గాలికి పక్కింటి ప్రహరీ దాటాయి. ఇప్పుడు వాటిని మాత్రం లోపలే మడుస్తున్నాను.