బాప్తిస్మ రిజిస్టరు నకలు ఆధారంగా ఆలస్యపు జనన నమోదు: దరఖాస్తు విధానం

మిర్యాలగూడ వైపు ఒక లూథరన్ సంఘంలో పాత రిజిస్టర్ల బీరువా తాళం నా దగ్గర ఉంటుంది. ఏడాదంతా ఆ తాళం సంగతి ఎవరికీ గుర్తుండదు. వీసా గడువు వారంలోకి వచ్చాక మాత్రం పొద్దు పొడవక ముందే తలుపు తడతారు. పాస్టర్ గారు ఊళ్లో లేరు కదా, మీరే ఏదో ఒక కాగితం రాసివ్వండి అంటారు. ఏదో ఒక కాగితంతో పని జరగదు. ఏ కాగితం ఏ గడప తొక్కాలో తెలిస్తే సగం తిరుగుడు తప్పుతుంది కాబట్టి రాస్తున్నాను.

పుట్టినప్పుడు ప్రభుత్వ జనన రిజిస్టరులో ఎక్కని పేరును ఇప్పుడు ఎక్కించుకోవడమే ఆలస్యపు జనన నమోదు. అసలు అది మీకు అవసరమా అన్నది ముందు చూసుకోండి. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించాలన్నా, పాస్‌పోర్టు తీయాలన్నా జనన ధ్రువపత్రమే ఆధారం. అంతకుముందు పుట్టినవారికి పదో తరగతి మెమో వంటివి ఇప్పటికీ పనికొస్తాయి. పాస్‌పోర్టు ఒక్కటే కావాలనుకునే నడివయసువారు ఆ మెమోతో సరిపెట్టుకోవచ్చు, ఈ తంటా అక్కర్లేదు. విదేశాల్లో పిల్లల దగ్గర స్థిరపడాలనుకునే పెద్దలకు మాత్రం కొన్ని దేశాల వీసా కార్యాలయాలు జనన ధ్రువపత్రమే అడుగుతాయి. అది లేకపోతే, లేదని ప్రభుత్వం ఇచ్చిన పత్రాన్నీ దానితోపాటు చర్చి రికార్డునూ అడుగుతాయి. మా బీరువా తెరిపించేది ఎక్కువగా వీళ్లే.

చర్చి ఇచ్చే నకలు జనన ధ్రువపత్రంతో సమానమని చాలామంది పొరపడతారు. ఫలానా రోజు ఫలానా బిడ్డకు బాప్తిస్మం ఇచ్చారనడానికి అది నేరుగా రుజువు. పుట్టిన తేదీకి మాత్రం బలం చేకూర్చే ఆధారం, అంతే. అయినా లూథరన్ రిజిస్టరుకు ఒక సౌకర్యం ఉంది. మన పద్ధతిలో పసిబిడ్డలకే బాప్తిస్మం ఇస్తాం కాబట్టి పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ పక్కపక్క గడుల్లోనే ఉంటాయి, మధ్యలో వారాలో నెలలో తేడా. పుట్టిన కొద్ది రోజులకే రాసిన రాతకు విచారణలో విలువ ఎక్కువ. నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎక్కువగా ఉన్న బాప్టిస్టు, మెన్నొనైట్ బ్రదరన్ సంఘాల్లో ఈడు వచ్చి విశ్వాసం ఒప్పుకున్నవారికే బాప్తిస్మం. ఆ రిజిస్టరులో పుట్టిన తేదీ ఉన్నా, అది పాతికేళ్ల తర్వాత చెప్పి రాయించినది కావచ్చు. ఆ సంఘాలవారు శిశు ప్రతిష్ఠ, అంటే పసిబిడ్డను బాప్తిస్మం లేకుండా ప్రార్థనతో దేవునికి సమర్పించడం, రాసిన పుస్తకం ఉందేమో అడగాలి.

దరఖాస్తు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఎక్కువమంది దారి తప్పుతారు. బాప్తిస్మం ఎక్కడ జరిగిందన్నది లెక్కలోకి రాదు, పుట్టిన చోటే లెక్క. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరులో మొదలుపెట్టిన మిషను వెలుగులో పెరిగిన కుటుంబాలు మా సంఘంలో చాలా ఉన్నాయి. 1967లో సాగర్ కాలువలకు నీళ్లు వదిలాక పల్నాడు నుంచి కృష్ణ దాటి వచ్చినవారు. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. బిడ్డ పుట్టింది గురజాల దగ్గర, బాప్తిస్మం ఇక్కడ. అలాంటివారు మిర్యాలగూడ ఆర్డీవో కార్యాలయం చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా పని కాదు. 2014 జూన్ 2 తర్వాత అది వేరే రాష్ట్రం, దరఖాస్తు అక్కడే పెట్టాలి. తెలంగాణలోనే పుట్టినా 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. రిజిస్టరులో నల్లగొండ జిల్లా, హుజూర్‌నగర్ తాలూకా అని ఉంటే ఇప్పుడది సూర్యాపేట జిల్లా. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఒకప్పటి పాలమూరువే. నకలులో పాత పేరే ఉంటుంది, దరఖాస్తులో ఇప్పటి మండలం, జిల్లా రాయండి.

ఇక నకలు సంగతి. పాస్టర్ గారి పేరున తెల్లకాగితం మీద ఇంతమాత్రం రాస్తే చాలు:

"అయ్యా, నేను ఫలానావారి కుమారుడిని లేదా కుమార్తెను. ఫలానా సంవత్సరంలో మన సంఘంలో బాప్తిస్మం పొందాను. ఆలస్యపు జనన నమోదు కోసం నా వివరాలున్న రిజిస్టరు పద్దుకు ధ్రువీకరించిన నకలు ఇప్పించగలరు."

దానికి మీ ఆధార్ నకలు జతచేయండి. తల్లిదండ్రుల కోసం అడుగుతుంటే మీ బంధుత్వం తెలిపే కాగితం కూడా ఇవ్వాలి. నకలులో రిజిస్టరు సంపుటం, పేజీ, వరుస సంఖ్య, బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, బాప్తిస్మం తేదీ, ఇచ్చిన పాస్టర్ పేరు, సాక్షులుగా నిలిచినవారి పేర్లు ఉండాలి. కింద ఇప్పటి పాస్టర్ సంతకం, ముద్ర, ఇచ్చిన తేదీ. బాప్తిస్మాలు ఎక్కువగా ఆదివారాలే జరుగుతాయి కాబట్టి నేను క్యాలెండరు కూడా చూస్తాను. ఉదాహరణకు 1976 నవంబరు 14 ఆదివారం. పద్దులో ఆ తేదీ ఉంటే మనసు కుదుటపడుతుంది. బుధవారం పడితే తేదీ తప్పని కాదు గానీ, ఆ పేజీని మరోసారి నిదానంగా చదువుతాను.

పేర్ల చిక్కు పెద్దది. రిజిస్టరులో మరియమ్మగా ఉన్న బిడ్డ బడిలో మంజుల అవుతుంది. రెండు పేర్లూ ఒకరివే అని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి జతచేయాలి. పదో తరగతి మెమోలో తేదీ ఒకటి, రిజిస్టరులో మరొకటి ఉంటే తొందరపడి రెండూ ఒకే దరఖాస్తుకు కుట్టకండి. తేడా ఎందుకు వచ్చిందో వివరం లేని కట్టను గుమస్తా మొదటి రోజే పక్కన పెడతాడు.

ఇంకొకటి, మెల్లగా చెప్పాల్సినది. పాత రిజిస్టర్లలో కులం గడి ఉంటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని ఇక్కడ బీసీ-సీ కింద లెక్కిస్తారు. బాప్తిస్మ పద్దు బయటపడితే ఎస్సీ హోదా పోతుందేమోనని, ఈ లెక్క తెలిసిన కుటుంబాలు రిజిస్టరు పేరు వింటేనే జంకుతాయి. నకలు ఇచ్చే ముందు దానిలో ఏముందో దరఖాస్తుదారుకు చదివి వినిపిస్తాను. తీసుకోవాలా వద్దా అన్నది వారి ఇష్టం. ఒక గడి వదిలేసి రాసివ్వమంటే మాత్రం ఒప్పుకోను. పద్దును ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలి, లేదా ఇవ్వకూడదు.

నకలు చేతికొచ్చాక పుట్టిన ఊరి పంచాయతీకి వెళ్లండి, పట్టణమైతే మున్సిపాలిటీకి. ఆ సంవత్సరపు జనన రిజిస్టరులో మీ పేరు వెతకమని అడగండి. ఊళ్లో జనన మరణాలు రాసే పాత గ్రామాధికారుల వ్యవస్థ 1984లో రద్దయింది. అంతకుముందు పుట్టినవారైతే తహసీల్దార్ కార్యాలయంలో కూడా వెతికించాలి, ఒక్కోసారి పేరు దొరికి అక్కడితో కథ ముగుస్తుంది. దొరకకపోతే నమోదు కాలేదన్న ధ్రువపత్రం తీసుకోండి. దానితోపాటు చర్చి నకలు, ఆధార్ లేదా రేషన్ కార్డు, పదో తరగతి మెమో, అఫిడవిట్ కలిపి మీసేవ కేంద్రంలో ఆలస్యపు జనన నమోదు కింద దరఖాస్తు చేయాలి. రసీదు భద్రం. తహసీల్దార్ కార్యాలయం నుంచి విచారణకు వస్తారు. ఇరుగుపొరుగు పెద్దలిద్దరికి ముందే చెప్పి ఉంచండి, రిజిస్టరు అసలు కూడా చూపించమంటారు. పుట్టి ఏడాది దాటితే ఉత్తర్వు లేకుండా నమోదు కుదరదు. ఆ ఉత్తర్వు ఇక్కడ ఆర్డీవో నుంచి వస్తుంది. అది రాగానే పని అయిపోయిందని బీరువాలో దాచుకున్నవారిని నేనెరుగుదును. ఉత్తర్వును మళ్లీ పంచాయతీకో మున్సిపాలిటీకో తీసుకెళ్లి, రుసుము కట్టి, పేరు ఎక్కించుకుంటేనే ధ్రువపత్రం చేతికొస్తుంది.

పెళ్లి నకలుకు దారి వేరు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సున్న పాస్టర్ చేసిన పెళ్లి అయితే, రిజిస్టరు ఎవరి అధీనంలో ఉందో వారే రుసుము తీసుకుని ధ్రువీకరించిన నకలు ఇవ్వాలి.

ఇదంతా రిజిస్టరు బతికి ఉంటేనే. విచారణాధికారి ముందు అసలు పుస్తకం తెరిచినప్పుడు చెదలు తిన్న సందులోంచి తేదీ జారిపోతే నకలు ఎంత అందంగా ఉన్నా దండగ. చిరిగిన పేజీకి సెల్లో టేపు అతికించకండి, కొన్నేళ్లకు జిగురు పచ్చబడి సిరాను మింగేస్తుంది. లామినేషన్ అంతకంటే చేటు, వేసింది మళ్లీ తీయలేం. పుస్తకాన్ని ఎండలో పెట్టవద్దు, గోడకు ఆనించవద్దు. జిరాక్సు యంత్రం మీద బోర్లా నొక్కితే కుట్టు తెగుతుంది. దాని బదులు కిటికీ పక్క నీడలో పుస్తకాన్ని పరిచి, ఫోను కదలకుండా నిలబెట్టి ప్రతి పేజీకీ ఫోటో తీయండి, ఖాళీ పేజీలు కూడా. ఫైలు పేరులో సంపుటం, పేజీ సంఖ్య ఉండాలి. ఒక ప్రతి సంఘంలో, మరొకటి సినాడ్ (సంఘాలన్నిటి పై మండలి) కార్యాలయంలో. తప్పు కనిపించినా పాత రాత దిద్దకండి. పక్క అంచున కొత్త వివరం రాసి, తేదీ వేసి సంతకం చేయండి. దిద్దిన గడి ఒకటి కనబడితే విచారణకు వచ్చినవారికి పేజీ మొత్తం మీదా అనుమానమే.

ఆ ఫోటోలను వాట్సాప్ గుంపుల్లో పెట్టమని యువకులు అడుగుతుంటారు. సమాధుల రిజిస్టరు, సంఘం తొలినాళ్ల మినిట్సు పుస్తకం పెట్టడానికి నాకు అభ్యంతరం లేదు, తాతల పేర్లు చూసుకుని మురిసిపోతారు. బతికున్నవారి బాప్తిస్మ పద్దులు మాత్రం వారికీ వారి సొంతవారికీ తప్ప ఎవరికీ చూపను. కులం గడి గురించి పైన చెప్పింది ఇందుకే.

నకలు కావాలంటే ఆదివారం ఆరాధన అయ్యాక రండి, సంతకానికి పాస్టర్ గారు కూడా ఉంటారు. వచ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి సంవత్సరమైనా ఖాయం చేసుకోండి. "సాగర్ డ్యాము కట్టే రోజుల్లో" అంటే 1955 నుంచి 1967 దాకా పన్నెండేళ్ల పేజీలు తిప్పాలి.