ముందు గ్రైండరు, తర్వాతే యంత్రం

ఒత్తిడితో చిక్కటి కాఫీ దించే ఎస్ప్రెసో యంత్రం ఇంటికి వచ్చిన మొదటి వారం కాఫీ అంతా సింకు తాగింది. తప్పు యంత్రానిది కాదు, దుకాణంలో ఆడించి తెచ్చిన పొడిది. అందుకే చెబుతున్నాను, ఉన్న డబ్బులో సగం కాఫీ గింజలు ఆడించే మంచి గ్రైండరుకు పక్కన పెట్టండి. పెట్టె మీద 15 బార్లు, 20 బార్లు అని చూసి మురిసిపోకండి. ఎస్ప్రెసోకు 9 బార్ల ఒత్తిడి చాలు.

గింజలు నేను అరకువి తెప్పిస్తాను, వేయించి రెండు వారాలు దాటనివి. చికోరీ కలిసిన పొడి మాత్రం వద్దు. ఒకసారి వేసి, జల్లెడకు పట్టిన జిగురు వదిలించడానికి ఆదివారమంతా తోమాను.

యంత్రాన్ని 20 నిమిషాలు వేడెక్కనివ్వండి. చిన్న త్రాసు మీద 18 గ్రాముల పొడి తూచి, సమంగా సర్ది, నిటారుగా నొక్కండి. కప్పులోకి 36 గ్రాముల కాఫీ 25 నుంచి 30 సెకన్లలో దిగాలి. పదిహేను సెకన్లకే దిగిపోతే పులుపు, కాబట్టి పొడి ఇంకా మెత్తగా ఆడించాలి. నలభై ఐదు పడితే చేదు, కాస్త బరకగా ఆడించాలి. పొడి బరువు, మెత్తదనం రెండూ ఒకేసారి మార్చారంటే ఏది పనిచేసిందో తెలియదు.

యంత్రం ఆవిరి గొట్టంతో వేడిచేసే పాలు 60 డిగ్రీలు దాటాక చెంబు చేతికి చురుక్కుమంటుంది, ఆపేయండి. ఆ గొట్టాన్ని వెంటనే తడిగుడ్డతో తుడవాలి, ఎండిన పాలు గీకడం నరకం. బోరు నీళ్లు పోయకండి, లోపల సున్నం పేరుకుంటుంది.

అమ్మ ఇంకా ఇత్తడి ఫిల్టరే వాడుతోంది. పొద్దున్నే నేనూ అదే తాగుతాను.